మూన్‌స్టోన్: అసలు భయం వజ్రంలో ఉందా, ఊబిలో ఉందా?

తుంగభద్రగట్టు (కర్నూలు)

విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘మూన్‌స్టోన్’ను ఈ వానల్లో మళ్లీ చదివాను. ముగింపుతో సహా అన్నీ మాట్లాడబోతున్నాను కాబట్టి, చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

చదివి చాలాకాలమైనవాళ్ల కోసం కథ క్లుప్తంగా. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోతుంది. ఆ గందరగోళంలో హెర్న్‌కాసిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి టిప్పు ఆయుధాగారంలో, ముగ్గురు కావలివాళ్ల నెత్తుటి మధ్య నిలబడి, బాకు పిడిలో పొదిగిన పసుపు వజ్రాన్ని కాజేస్తాడు. ఒకప్పుడు సోమనాథ క్షేత్రంలో చంద్రదేవుడి నుదుట ఉన్న రాయి అది. చనిపోయేముందు దాన్ని మేనకోడలు రేచెల్ పేర రాసిపోతాడు. 1848 జూన్ 21న ఆమె పద్దెనిమిదో పుట్టినరోజు. ఆ రాత్రి బీరువాలో పెట్టిన వజ్రం తెల్లారేసరికి కనబడదు. అప్పటికే గారడీవాళ్ల వేషంలో ముగ్గురు బ్రాహ్మణులు ఆ ఇంటి చుట్టూ తిరుగుతుంటారు.

అందరూ వజ్రాన్నే గుర్తుపెట్టుకుంటారు. నా మటుకు ఈ నవలకు ప్రాణం ఊబి. యార్క్‌షైర్ తీరంలో, రేచెల్ వాళ్ల ఇంటికి దగ్గరలో, రెండు రాతి గుట్టల మధ్య ఇసుక ఉంటుంది. ఆటుపోట్లు మారే వేళ ఆ ఇసుక పైభాగమంతా వణుకుతుంది. పనిమనిషి రోజానా దాన్ని చూస్తూ, అడుగున వందలమంది ఊపిరాడక పైకి రావాలని పెనుగులాడుతూ ఇంకా లోపలికి దిగిపోతున్నట్టు ఉందంటుంది. ఈ మాట వచ్చేసరికి వజ్రం ఇంకా ఇంట్లో అడుగుపెట్టలేదు. దొంగతనానికి ముందే రచయిత మనకు ఒక మనసును అడ్డంగా కోసి చూపించేశాడు. పైన నునుపు, కింద పెనుగులాట.

కథ నడిమికి వచ్చేసరికి, రేచెల్‌ను ప్రేమించిన ఆమె బంధువు ఫ్రాంక్లిన్ బ్లేక్ అదే ఇసుకలోంచి గొలుసు పట్టి ఒక రేకు పెట్టెను పైకి లాగుతాడు. లోపల రంగు మరక అంటిన రాత్రి చొక్కా. దొంగ ఎవరో తెలియాలంటే దాని మీద పేరు చదివితే చాలు. చదువుతాడు. అది అతడి పేరే. దొంగను పట్టుకోవాలని మొదట్లో అందరికంటే ఎక్కువగా తాపత్రయపడినవాడు అతడే. పైగా అతడు నటించడం లేదు, తనకు నిజంగానే ఏమీ తెలియదు. ఈ పేజీ దగ్గర ‘ఎవరు?’ అన్న ప్రశ్న చచ్చిపోయి, ‘నాకు తెలియకుండా నేను ఏమేమి చేయగలను?’ అన్న ప్రశ్న పుడుతుంది. నాకు వణుకు పుట్టించింది అదే.

మీరేమంటారు?

వేరుశనగచేను (అనంతపురం)

నమస్తే. నేను ఇప్పుడే పూర్తిచేశాను, అందుకే చిరాకు ఇంకా తాజాగా ఉంది. ఇది హత్యా రహస్యాల విభాగంలో ఎందుకు ఉంది? హత్య ఎక్కడో చివర వస్తుంది. దానికి ముందు సగం పుస్తకం బెటరెడ్జ్ అనే ముసలి నౌకరు ముచ్చట్లు, ఆ తరువాత క్లాక్ అనే ఆవిడ భక్తి కరపత్రాలు. ఉత్కంఠ అంటే ఇదా?

పెన్నేరు (కడప)

వేరుశనగచేను గారూ, మొదటి హత్యలు ఉపోద్ఘాతంలోనే ఉన్నాయి. ఆయుధాగారం వాకిట్లో ఇద్దరి శవాలు, కొన ఊపిరితో మూడోవాడు, హెర్న్‌కాసిల్ చేతిలో నెత్తురు కారుతున్న బాకు. మీరు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. కారణం ఉంది. నవలలో ఇంగ్లీషు పాత్రలెవరూ లెక్కలోకి తీసుకోరు. వాళ్ల దృష్టిలో నేరం 1848లో మొదలవుతుంది, వాళ్ల ఇంట్లో వస్తువు పోయినప్పుడు. కాలిన్స్ కావాలనే ఆ ముగ్గురినీ మొదట పెట్టి, తరువాత వందల పేజీలు మనం వాళ్లను మరిచిపోయేలా చేశాడని నా నమ్మకం.

ఇక తుంగభద్రగట్టు గారితో నాకు పేచీ. ఊబి గొప్పదే, కానీ అది ఇంగ్లాండు మనసు కథ. వజ్రం మన కథ. శ్రీరంగపట్నం పతనం మనకు దూరపు విషయమేమీ కాదు. టిప్పు మీద గెలిచినందుకు నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాలనే ఆయన 1800లో కంపెనీకి ఇచ్చేశాడు. కడప, అనంతపురం, బళ్లారి దత్త మండలాలయింది అలాగే. తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా ఆ 1799 దండయాత్రలో ఉన్నవాడే. అంటే నవలలో వజ్రం చేతులు మారిన ఆ యుద్ధంతోనే మన జిల్లాలూ చేతులు మారాయి. ఉపోద్ఘాతం చదివినప్పుడల్లా ఆ కుటుంబం వజ్రం పోయిందని గుండెలు బాదుకుంటుంటే నాకు జాలి సగమే కలుగుతుంది.

కాలిన్స్ తన ముందుమాటలో ఈ రాయికి రెండు నిజమైన వజ్రాలు ప్రేరణ అని చెప్పాడు. ఒకటి రష్యా చక్రవర్తి రాజదండం మీదిది, రెండోది కోహినూరు. మొదటిది శ్రీరంగం గుడిలోంచి పోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కోహినూరు సంగతి చెప్పనక్కరలేదు, అది మన కృష్ణాతీరపు కొల్లూరు గనులదని చాలామంది చరిత్రకారులు రాశారు.

తొలకరి (తుగ్గలి, కర్నూలు జిల్లా)

వజ్రాల మాట వచ్చింది కాబట్టి నేను మాట్లాడక తప్పదు. మాది తుగ్గలి. తొలకరి పడగానే మా వైపు, జొన్నగిరి వైపు చేలల్లో జనం వంగి నడుస్తుంటారు. వాన పైమట్టిని కడిగితే రాయి మెరుస్తుందని ఆశ. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వస్తారు, చెట్ల కింద వండుకుంటారు, విత్తనం వేసిన చేలో దిగవద్దని రైతులు గొడవపడతారు. ఇవన్నీ పత్రికల్లో ఏటా వచ్చేవే.

పత్రికల్లో రాని విషయం ఒకటి చెబుతాను. రాయి దొరికినవాడు ముందుగా చేసే పని మాట్లాడటం మానేయడం. అప్పటిదాకా పక్కన నవ్వుతూ వెతికిన మనిషి ఉన్నట్టుండి తలనొప్పి అని ఇంటికి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం నుంచి ఊళ్లో చూపులు మారిపోతాయి. దొరికిందని అనుమానం వచ్చినవాడినీ, నిజంగా దొరికినవాడినీ ఊరు ఒకే కంటితో చూస్తుంది. ఏమీ దొరకనివాడు కూడా జేబులో చెయ్యి పెట్టుకోవడానికి జంకుతాడు.

నవలలో వజ్రం పోయిన మర్నాడు ఆ ఇల్లు అచ్చం అలాగే ఉంది. రేచెల్ గది తలుపు వేసుకుంటుంది. పనివాళ్లు ఒకరినొకరు చూసుకోరు. బట్టలు ఉతికే చిట్టా అడిగితే అందరికీ కోపం. కాలిన్స్ మా వైపు ఎన్నడూ రాలేదు, అయినా రాయి మనుషుల నోళ్లను ఎలా కట్టేస్తుందో అతడికి తెలుసు. అందుకే నేను పెన్నేరు గారి పక్షం. కేంద్రం వజ్రమే.

తుంగభద్రగట్టు (కర్నూలు)

తొలకరి గారూ, మీరు నా వాదనకే బలం చేకూర్చారు! రాయి ఒక సాకు. మీరు వర్ణించింది రాయిని కాదు, మౌనాన్ని.

రేచెల్ మౌనమే చూడండి. ఆ రాత్రి ఒంటిగంట వేళ ఫ్రాంక్లిన్ తన గదిలోకి వచ్చి వజ్రం తీసుకోవడం ఆమె కళ్లారా చూసింది. అతడిని ప్రేమిస్తోంది. మర్నాడు అదే మనిషి దొంగను పట్టుకుంటానని పోలీసులను పిలిపిస్తాడు! ఆమె స్థానంలో ఉండి ఆలోచించండి. అంతటి కపటిని ఎలా ప్రేమించానా అన్న అసహ్యం, అయినా బయటపెట్టలేని బలహీనత. ఒక్క మాట చెబితే కథ మొదటి భాగంలోనే తేలిపోయేది. ఆమె ఏడాదిపాటు చెప్పదు. చెప్పనందుకు అందరూ ఆమెనే అనుమానిస్తారు. లండన్ నుంచి వచ్చిన పేరుమోసిన డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ అంతటివాడు కూడా రేచెల్ తన వజ్రాన్ని తానే దాచుకుందని తేలుస్తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అని మనకో సామెత. ఈ నవలలో కాలిన్స్ దాన్ని తలకిందులు చేశాడు. ఇల్లంతా భుజాలు తడుముకుంటుంది, తీసినవాడు ఒక్కడు తప్ప. అతడి భుజానికి ఏమీ అంటలేదని అతడికి గట్టి నమ్మకం. మరక చొక్కా మీద ఉంది, అది ఊబిలో ఉంది.

గుత్తికోట (గుత్తి, అనంతపురం జిల్లా)

నేను మందుల దుకాణం నడిపిన మనిషిని. నాకు ఈ నవలలో అన్నిటికంటే ఆసక్తి కలిగించింది నల్లమందు. మిగతావాళ్లు దాన్ని దాటేస్తున్నారు.

ఫ్రాంక్లిన్ చుట్ట మానేసి నిద్రపట్టక అవస్థపడుతుంటాడు. విందులో క్యాండీ అనే డాక్టరుతో వాదన పెట్టుకుని, వైద్యమంటే చీకట్లో తడుములాట అని ఎగతాళి చేస్తాడు. డాక్టరు పౌరుషానికి పోయి, అతడికి చెప్పకుండా 25 మినిమ్‌ల (మినిమ్ అంటే సుమారు ఒక చుక్క) నల్లమందు ద్రావకం ఇప్పిస్తాడు, మర్నాడు ఒప్పుకుని నవ్వుకోవచ్చని. ఆ రాత్రే వానలో తడిసి డాక్టరుకు జ్వరం వచ్చి జ్ఞాపకశక్తి పోతుంది. చెప్పాల్సినవాడు చెప్పలేకపోయాడు. వజ్రానికి ఏమవుతుందోనన్న బెంగతో పడుకున్న ఫ్రాంక్లిన్ మందు మత్తులో లేచి, దాన్ని భద్రంగా దాచాలనే తీస్తాడు. దొంగతనం కాదు, అతి జాగ్రత్త!

దీన్ని తేల్చేది ఎజ్రా జెన్నింగ్స్, క్యాండీ సహాయకుడు. జ్వరంలో డాక్టరు పలవరించిన తెగిపోయిన మాటలను కాగితం మీద ఖాళీలు వదిలి రాసుకుని, ఆ ఖాళీల్లో ఏ మాటలు పడితే అర్థం నిలుస్తుందో ఒక్కొక్కటే పూరిస్తాడు. ఆలోచించండి, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1868లో పన్నెండేళ్ల పిల్లవాడు. మాటల మధ్య ఖాళీల్లో మనసు ఉంటుందన్న ఆలోచన ఒక నవలలో అప్పటికే పనిచేస్తోంది.

జెన్నింగ్స్ తానే నల్లమందుకు బానిస. మానని నొప్పికి పదేళ్లుగా వాడుతున్నాడు. దాన్ని రాసిన కాలిన్స్ కూడా అంతే. కీళ్లనొప్పుల కోసం నల్లమందు ద్రావకం తాగుతూ, మంచం మీద నుంచి చెబుతూ రాయించాడు ఈ నవలలో కొంత భాగాన్ని. అది రాస్తున్న రోజుల్లోనే తల్లి చనిపోయింది. ఆ మత్తు నుంచి వచ్చే పీడకలలు జెన్నింగ్స్ డైరీలో ఉన్నాయి, అవి ఊహించి రాసినవని నాకు అనిపించదు.

వేరుశనగచేను (అనంతపురం)

గుత్తికోట గారూ, సరిగ్గా అక్కడే నాకు అభ్యంతరం. అది మోసం కాదా? చదివేవాడికి చెప్పకుండా ఒక మందు దాచిపెట్టి, చివర్లో తీసి చూపించి ‘చూశారా’ అంటే ఎలా? మందు తాగి నడిచాడని చెబితే ఏ రహస్యమైనా విప్పేయవచ్చు.

గుత్తికోట (గుత్తి)

దాచలేదు. ప్రతి ముక్కా మీ ముందే పెట్టాడు. చుట్ట మానడం, నిద్రలేమి, విందులో వాదన, డాక్టరు జ్వరం. అంతేకాదు, అన్ని రాత్రులు నిద్రపట్టనివాడు సరిగ్గా వజ్రం పోయిన ఆ రాత్రే హాయిగా నిద్రపోయానని మర్నాడు చెబుతాడు. మీరు దాన్ని మామూలు మాటగా చదివి పేజీ తిప్పారు. నేనూ తిప్పాను, అందరం తిప్పాం.

ఇక మత్తులో చేసిన పని మత్తులోనే గుర్తుకురావడం గురించి. నవలలో జెన్నింగ్స్ ఇలియట్‌సన్ అనే వైద్యుడి పుస్తకాన్ని చూపిస్తాడు. తాగిన మత్తులో ఒక పొట్లం ఎక్కడో పెట్టి, తేరుకున్నాక మరిచిపోయి, మళ్లీ తాగినప్పుడు గుర్తుతెచ్చుకున్న ఐరిష్ కూలీ ఉదంతం అది. ఇలియట్‌సన్ నిజంగా ఉన్న వైద్యుడే. ఒక స్థితిలో నేర్చింది మళ్లీ అదే స్థితిలో బాగా గుర్తుకొస్తుందన్నది తరువాతి మనస్తత్వశాస్త్రం కూడా ఒప్పుకున్న విషయం. అయితే రెండోసారి 40 మినిమ్‌లు ఇస్తే మనిషి అదే దారిలో అదే గదికి నడిచి, వజ్రం బదులు పెట్టిన గాజు రాయిని తీసుకుంటాడా అంటే, నా అనుభవంతో నమ్మను. నమ్మకపోయినా ఆ అధ్యాయం ఊపిరి బిగపట్టే చదివాను.

వేదిక నిర్వహణ

తుగ్గలిలో ఏ పొలంలో రాళ్లు దొరుకుతున్నాయో, కొనే వ్యాపారి ఎవరో అడుగుతూ వచ్చిన సందేశాలను తొలగించాం. దయచేసి నవల గురించి మాట్లాడండి.

తొలకరి (తుగ్గలి)

ధన్యవాదాలు. నాకు నేరుగా కూడా వచ్చాయి. ఒకాయన కారు తీసుకుని వస్తానంటున్నాడు.

పెన్నేరు (కడప)

నవ్వు ఆపుకుని అసలు విషయానికి వస్తాను. రంగు మరక గురించి ఎవరూ మాట్లాడలేదు.

రేచెల్, ఫ్రాంక్లిన్ కలిసి ఆమె గది తలుపు మీద బొమ్మలు వేస్తారు. వాళ్ల ప్రేమ పెరిగింది ఆ తలుపు దగ్గర, కుంచెలు అందించుకుంటూ. పుట్టినరోజు మధ్యాహ్నానికి పని పూర్తవుతుంది, రంగు ఆరడానికి పన్నెండు గంటలు కావాలి. ఆ రాత్రి ఎవరి బట్టో తగిలి ఒక మూల చెదిరిపోతుంది. స్థానిక పోలీసు అధికారి అది ఆడవాళ్ల పావడాలు తగిలిన మరక, అల్ప విషయం అని కొట్టిపారేస్తాడు. లోకంలో ఇంత మురికి దారుల్లో తిరిగినా తనకు అల్ప విషయమన్నది ఇంతవరకు ఎదురు కాలేదంటాడు కఫ్. మరక ఎవరి బట్టకు ఉంటే వాళ్లే దొంగ. అంటే ఫ్రాంక్లిన్‌ను పట్టించింది తన చేతులతో రేచెల్ కోసం కలిపిన రంగే. ప్రేమ గుర్తే నేరం గుర్తయింది. ఇంత క్రూరమైన ప్రతీకను ఇంత మామూలుగా, ఒక పోలీసు విచారణలో ఇరికించి చెప్పడం నాకు ఊబికంటే గొప్ప పనితనంగా అనిపిస్తుంది.

రాత్రి చొక్కా కూడా గాలిలోంచి పుట్టలేదు. 1860లో ఇంగ్లాండులో రోడ్ అనే ఊళ్లో ఒక పసివాడి హత్య జరిగింది. ఇంటి ఆడపిల్ల కాన్‌స్టన్స్ కెంట్ రాత్రి చొక్కా ఒకటి కనబడలేదన్న ఆధారంతో విచర్ అనే డిటెక్టివ్ ఆమెను అనుమానించాడు. పెద్దింటి పిల్లను అంత మాటంటావా అని లోకం అతడి మీద పడింది, అతడి ఉద్యోగ జీవితం దెబ్బతింది. 1865లో ఆమె స్వయంగా ఒప్పుకుంది. కఫ్‌లో విచర్ ఛాయలు ఉన్నాయి. ఒక కుటుంబం తన మురికి బట్టలను బయటివాడు లెక్కపెట్టడాన్ని ఎంత అసహ్యించుకుంటుందో ఆ కాలపు పాఠకులకు అప్పటికే తెలుసు.

తొలకరి (తుగ్గలి)

వజ్రం లోపలి మచ్చ గురించి కూడా చెప్పాలి. నవలలోని రాయికి నట్టనడుమ లోపం ఉంటుంది. కోసి నాలుగు నుంచి ఆరు ముక్కలు చేస్తే ఆ ముక్కల విలువ మొత్తం రాయి కంటే ఎక్కువ. చివరికి దాన్ని కాజేసిన గాడ్‌ఫ్రీ ఆలోచన కూడా అదే, ఆమ్‌స్టర్‌డామ్‌కు తీసుకెళ్లి కోయించడం.

రాయిని రాయిగా పూజించేవాళ్లకు ముక్కలు చేస్తే ఏమీ మిగలదు. వెల కట్టేవాళ్లకు ముక్కలు చేస్తేనే లాభం. కోహినూరుకు జరిగింది గుర్తుతెచ్చుకోండి. 1852లో లండన్‌లో సానపట్టి, 186 క్యారెట్ల రాయిని 105కు తెచ్చారు. పదహారేళ్ల తరువాత ఈ నవల వచ్చింది. కాలిన్స్ తన వజ్రాన్ని ముక్కలు కానివ్వలేదు, తిరిగి చంద్రదేవుడి నుదుటికే చేర్చాడు. ఇంగ్లాండులో కూర్చుని 1857 తిరుగుబాటు జరిగిన పదకొండేళ్లకు ఒక ఇంగ్లీషువాడు ఆ ముగింపు రాయడానికి ధైర్యం కావాలి.

గుత్తికోట (గుత్తి)

ధైర్యమే, కానీ ఎంతమేరకు? పదకొండు మందికి తక్కువ కాకుండా కథ చెబుతారు ఈ నవలలో. ఆ బ్రాహ్మణులు ఒక్క అధ్యాయం కూడా చెప్పరు. కులం పోగొట్టుకుని, సముద్రం దాటి, యాభై ఏళ్ల తరువాత కూడా తరం మారి తరం వెంటాడిన మనుషులు. వాళ్ల మనసులో ఏముందో ముర్త్‌వెయిట్ అనే యాత్రికుడు చెబితేనే మనకు తెలుస్తుంది.

జెన్నింగ్స్ ఒక్కడే నడుమ నిలుస్తాడు. వలస దేశంలో పుట్టాడు, తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి గురించి వాక్యం మొదలుపెట్టి ఆపేస్తాడు. సగం నలుపు, సగం తెలుపు జుట్టు. ఊరంతా అతడిని చూస్తే ముఖం తిప్పుకుంటుంది. చిక్కుముడి విప్పింది ఆ ఒక్కడు. చివరికి పేరు కూడా లేని సమాధి కోరుకుని పోయాడు.

వేరుశనగచేను (అనంతపురం)

జెన్నింగ్స్ భాగం నాకూ నచ్చింది, అది ఒప్పుకుంటాను. కానీ అసలు దొంగ గాడ్‌ఫ్రీ సంగతి? ధర్మసంస్థలన్నిటికీ పెద్ద, స్త్రీల సభల్లో కన్నీళ్లు పెట్టించే ఉపన్యాసకుడు, లోపల ఒక కుర్రవాడి ఇరవై వేల పౌండ్లు తినేసినవాడు. ఇది మరీ సులువు కదా? పైకి భక్తుడైతే లోపల దొంగే అని ఇప్పుడు ఏ సీరియల్ చూసినా తెలిసిపోతుంది.

తుంగభద్రగట్టు (కర్నూలు)

గాడ్‌ఫ్రీ గురించి మీతో ఏకీభవిస్తాను, అతడు పలుచని పాత్ర. మత్తులో ఉన్న ఫ్రాంక్లిన్ ‘దీన్ని మీ నాన్న బ్యాంకులో పెట్టు’ అని వజ్రం చేతికి ఇస్తే, తీసుకుని ఊరుకున్నాడు. అతడి చావు మాత్రం బాగా రాశాడు. థేమ్స్ ఒడ్డున పూటకూళ్ల ఇంట్లో, నావికుడి వేషంలో, దిండు కింద ఊపిరాడక. కఫ్ ఆ శవం గడ్డం లాగి, ముఖానికి పూసిన రంగు కడుగుతాడు. బతికినంతకాలం వేసుకున్న వేషం చచ్చాక ఒక తడిగుడ్డకు పోయింది.

నాకు మాత్రం రోజానాను వదలబుద్ధి కావడం లేదు. ఆమె పాత దొంగ, ఒక భుజం గూనిది, ఫ్రాంక్లిన్ మీద ఆశ పెంచుకుంది. మరక ఉన్న చొక్కా ఆమెకు దొరికింది, దాన్ని ఊబిలో దాచింది ఆమే. చచ్చేముందు రాసిన ఉత్తరంలో ఆమె ఏమంటుందో చూడండి. అతడు దొంగ అనుకున్నప్పుడు ఆమెకు బాధ కలగలేదు, సంతోషం కలిగింది. అంత ఎత్తున ఉన్నవాడు తన మెట్టు మీదికి దిగివచ్చాడని. ప్రేమించినవాడు చెడ్డవాడైతే బాగుండునని కోరుకునే ప్రేమ! ఇంతకంటే లోతైన మనసు ఈ పుస్తకంలో ఇంకెవరికీ లేదు.

వేరుశనగచేను (అనంతపురం)

ఆ ఉత్తరం నేను వేగంగా దాటేశాను. ఇప్పుడు మళ్లీ తీశాను. ఆమెను చావుకు తోసింది ఫ్రాంక్లిన్ అన్న మాట కదా? ‘రోజానా మీద నాకు ఏ ఆసక్తీ లేదు’ అని ఆమె వినేలా అంటాడు.

తుంగభద్రగట్టు (కర్నూలు)

అన్నాడు, కానీ చెడు ఉద్దేశంతో కాదు. ఆమె పేరు ఈ కేసులో ఇరుక్కోకూడదని అన్నాడు.

పెన్నేరు (కడప)

ఆ పేజీ మళ్లీ చూడండి. ఆ మాట అతడి నోట అనిపించింది కఫ్. ఆమె దగ్గర్లో ఉందని చూసి, గొంతు పెంచి, రోజానా మీద మీకు ఆసక్తి ఉంటే చెప్పండి అని రెచ్చగొట్టాడు, ఆమె ముఖంలో ఏం కదులుతుందో కనిపెట్టడానికి. గులాబీల మీద తోటమాలితో గంటలు వాదించే ఆ పెద్దమనిషిని నేనూ ఇష్టపడతాను. ఆమె ఊబిలోకి నడిచిపోయాక తోటలో గులాబీల దగ్గర నిలబడటం కూడా అతడికి కష్టమవుతుందేమోనని వెతికాను. బెటరెడ్జ్, రేచెల్ తల్లి లేడీ వెరిండర్ ఆ చావును తట్టుకోలేకపోతారు. కఫ్ తన విచారణ కొనసాగిస్తాడు.